మనసు జబ్బుల మీద మన పోస్టరు ఎలా ఉండాలి?

(నాయుడుపేటలో గ్రామ కమిటీల కార్యకర్తల శిక్షణ తరగతిలో సంఘం ప్రచార విభాగం తరఫున చేసిన ప్రసంగ పాఠం)



మన సంఘానికి పోస్టరు కొత్త కాదు. మద్దతు ధర మీద వేశాం. పుట్టికి ఇన్ని కిలోల తరుగు ఎందుకని అడుగుతూ వేశాం. కాలువ నీళ్ల మీద, కౌలు కార్డుల మీద వేశాం. ఆ పోస్టర్లలో ఏం ఉండాలో మనకు కంఠతా వచ్చు. పైన డిమాండు, మధ్యలో తేదీ, కింద స్థలం, చివర సంఘం పేరు.

అక్టోబరు 10న ప్రపంచ మానసిక ఆరోగ్య దినం. 1992 నుంచి జరుపుతున్నారు. ఈసారి ఆ రోజుకల్లా మన పల్లెల్లో మనసు జబ్బుల మీద పోస్టర్లు వేయాలని సంఘం తీర్మానించింది. ఇది మనకు అలవాటైన పోస్టరు కాదు. ధర్నా పోస్టరు చదివిన మనిషి పదిమందిని వెంటబెట్టుకుని వస్తాడు. ఈ పోస్టరు చదివే మనిషి ఒంటరిగా ఉంటాడు. ఎవరైనా చూస్తున్నారేమోనని అటూ ఇటూ చూసి, చదవనట్టు నటిస్తూ చదువుతాడు. చదివి ఒక ఫోను చేయవచ్చు. లేదా, నా బతుకు ఇంతే అనుకుని ఇంటికి పోవచ్చు. మనం వేసే నాలుగు మాటలు ఆ మనిషిని ఏ వైపు నడిపిస్తాయో ఆలోచించి వేయాలి. అందుకే ఈ తరగతి.

సంఘానికి ఈ పని ఎందుకు?

జాతీయ నేర నమోదు సంస్థ లెక్కల ప్రకారం 2022లో దేశంలో వ్యవసాయ రంగంలో ఉన్న 11,290 మంది ఆత్మహత్య చేసుకున్నారు. వారిలో సాగుదారులు 5,207 మంది, వ్యవసాయ కూలీలు 6,083 మంది. మన రాష్ట్రంలో 917 మంది. ఇవి కాగితం మీదికి ఎక్కిన లెక్కలు. పట్టా పేరు మీద లేని కౌలు రైతు, మొగుడితో సమానంగా పొలంలో కష్టపడినా భూమి తన పేరున లేని ఆడమనిషి ఈ లెక్కలో రైతుగా ఎక్కడం ఎంత కష్టమో మీకు వేరే చెప్పనక్కర్లేదు.

మన సంఘంలోనే ఒక అభ్యంతరం వినపడింది. అది న్యాయమైన అభ్యంతరం, దాన్ని దాటేసి పోకూడదు. “రైతు చావుకు కారణం అప్పు, గిట్టుబాటు కాని ధర, తుఫాను. మనమే మనసు జబ్బు అని గోడ మీద రాస్తే ప్రభుత్వం చేతులు దులుపుకోదా?” అని కొందరు అడిగారు. ఈ భయానికి ఆధారం ఉంది. ఆత్మహత్య చేసుకున్న రైతు కుటుంబానికి పరిహారం ఇచ్చే పద్ధతికి 2004 నాటి జీవో 421 పునాది. సాగు అప్పు వల్ల చనిపోయాడా, వేరే కారణమా అని విచారణ జరుగుతుంది. ఆ విచారణలో ఏం రాస్తారోనన్న జంకుతో, ఇంటి మనిషి డాక్టరుకు చూపించుకున్నాడన్న మాట కూడా బయట పెట్టని కుటుంబాలు ఉన్నాయి.

దీనికి మా జవాబు ఇది. ఊళ్లో మురుగు కాలువ పూడిపోయింది, దోమలు పెరిగాయి, మలేరియా వచ్చింది. కాలువ పూడిక తీయమని పంచాయతీ మీద పోరాడతాం. పూడిక తీసేదాకా జ్వరం వచ్చిన వాడికి మాత్ర వద్దంటామా? మాత్ర వేసుకున్నంత మాత్రాన పంచాయతీ తప్పు మాసిపోతుందా? అప్పు, కౌలు, తుఫాను మురుగు కాలువ లాంటివి. నెలల తరబడి నిద్ర లేకపోవడం, ఎందుకు బతకాలి అనిపించడం జ్వరం లాంటివి. రెండింటినీ పట్టించుకోవాలి. 2021 నవంబరు వరదలోనూ, 2023 డిసెంబరులో మిచౌంగ్ తుఫానులోనూ మన ప్రాంతంలో నారుమళ్లు, నాట్లు నీళ్లపాలయ్యాయి. పంట నష్టం రాసుకోవడానికి అధికారులు వచ్చారు. ఆ ఇళ్లలో నిద్ర పట్టని వాళ్లను లెక్క రాసుకోవడానికి ఎవరూ రాలేదు. ఆ లెక్క కూడా అడగాల్సింది మనమే.

కాబట్టి మన పోస్టరుకు మొదటి నియమం. జబ్బును మనిషి తప్పుగా చూపించకూడదు, అప్పును ప్రకృతి వైపరీత్యంలా చూపించకూడదు.

పాత పోస్టర్లు నేర్పిన పాఠాలు

మన గోడలు ఇంతకుముందు కూడా ఆరోగ్యం గురించి మాట్లాడాయి. కుటుంబ నియంత్రణ ఎర్ర త్రికోణం చదువు రానివాళ్లకు కూడా అర్థమైంది. ఎందుకంటే ఆ గుర్తు పోస్టరు మీద ఉంది, ఆస్పత్రి గోడ మీదా ఉంది. పోస్టరు మీద చూసిన గుర్తు ఎక్కడ కనపడితే అక్కడికి పోవచ్చు. పోలియోకు రెండు చుక్కలు, ఆదివారం, ఫలానా బడి. చెప్పిన పని చిన్నది, చోటు దగ్గర, రోజు ఖాయం. కుష్టు విషయంలో “స్పర్శ లేని మచ్చ” అని ఒక గుర్తు చెప్పారు, నయమవుతుందని చెప్పారు, మందు ఉచితమని చెప్పారు. వికారమైన వేళ్ల బొమ్మలు వేసినంత కాలం రోగులు దాక్కున్నారు. నయమవుతుందన్న మాట ముందుకు వచ్చాకే బయటికి రావడం సులువైంది.

ఇంకొకటి మీలో చాలామందికి గుర్తుంటుంది. 2003 ప్రాంతంలో ఉమ్మడి రాష్ట్రంలో ఎక్కడ చూసినా ఒకే ప్రశ్న, “పులిరాజాకు ఎయిడ్స్ వస్తుందా?” పులిరాజా ఎవరని టీ కొట్ల దగ్గర అందరూ అడిగారు. అప్పటిదాకా నోటితో పలకడానికి సిగ్గుపడిన జబ్బు పేరు పది నోళ్లలో నానింది. అది ఆ ప్రచారం సాధించిన మేలు. అయితే నవ్వులాటకు కూడా ఆ పేరు పనికొచ్చింది. ఎయిడ్స్ విషయంలో ఆ నష్టాన్ని తట్టుకోవచ్చునేమో. మనసు జబ్బుకు నవ్వులాటే అసలు రోగం. “మెంటల్”, “పిచ్చోడు”, “తిక్కలోడు” అన్నవి ఇప్పటికే మన తిట్లు, సినిమాల్లో హాస్యం. కనుక చమత్కారంతో ఆకట్టుకుందామన్న ఆలోచన ఈ పోస్టరుకు పనికిరాదు.

బొమ్మ ఎలా ఉండాలి?

రైతు దుఃఖం అనగానే ఒక బొమ్మ వచ్చి కూర్చుంటుంది. బీటలు వారిన నేల, తల పట్టుకుని కూర్చున్న ముసలి రైతు, వెనక చెట్టు, చెట్టుకు తాడు. ప్రింటింగ్ ప్రెస్సుకు పోయి “రైతు ఆత్మహత్యల మీద పోస్టరు” అంటే కంప్యూటరులో నుంచి మొదట తీసేది ఇదే. ఆ బొమ్మ మనకు వద్దు.

తాడు, డబ్బా, శవం, ఏడుస్తున్న భార్యాపిల్లలు ఏ పోస్టరులోనూ ఉండకూడదు. అప్పటికే చావు ఆలోచనలో ఉన్న మనిషికి ఆ బొమ్మ దారి చూపినట్టు అవుతుంది. ఎలా చనిపోయారో వివరించవద్దు, ఆ ఫోటోలు వేయవద్దు అని ప్రపంచ ఆరోగ్య సంస్థ పత్రికలకు చెబుతూనే ఉంది. మన దేశంలో ప్రెస్ కౌన్సిల్ 2019లో ఆ సూచనలను స్వీకరించింది. పత్రికకు వర్తించే నియమం గోడకూ వర్తిస్తుంది. “ఫలానా రైతు త్యాగం” అని చావును పొగిడే మాట కూడా వద్దు. మన సంఘం సభల్లో కూడా ఈ మాట విషయంలో జాగ్రత్త పడాలి.

తల పట్టుకున్న మనిషి బొమ్మలో ఇంకో చిక్కు ఉంది. ఇంగ్లండులో ‘టైమ్ టు చేంజ్’ అనే ప్రచారం వాళ్లు ఈ ఒక్క బొమ్మనే మానిపించడానికి ప్రత్యేకంగా పనిచేశారు. మనసు బాగోలేని మనిషి ఎప్పుడూ తల పట్టుకుని కూర్చోడు. అతను కళ్లంలో ధాన్యం తూర్పార పడుతూ ఉంటాడు. పాల కేంద్రం దగ్గర వరుసలో నిలబడి ఉంటాడు. మేనకూరు ఫ్యాక్టరీకి పోయే బస్సు ఎక్కుతూ ఉంటాడు. తల పట్టుకున్న బొమ్మ వేస్తే, “నేను ఇంకా అంత దాకా రాలేదులే” అనుకుని పక్కకు పోతాడు. పక్కింటివాళ్లు కూడా, “బాగానే తిరుగుతున్నాడు గదా” అనుకుంటారు.

మరి ఏ బొమ్మ వేయాలి? ఇద్దరు మనుషులు మాట్లాడుకుంటున్న బొమ్మ వేయాలి. గట్టు మీద కూర్చున్న ఇద్దరు రైతులు. వాకిట్లో కూర్చున్న ఇద్దరు ఆడవాళ్లు, ఒకామె ఆశా కార్యకర్త చీరలో. ఒకరు చెబుతుంటే ఇంకొకరు వింటున్నారు. చూసిన మనిషికి, నేనూ ఇలా ఎవరితోనైనా మాట్లాడవచ్చు అనిపించాలి. ఫోటో కంటే గీసిన బొమ్మ మేలు. ఫోటోలో ఉన్న మనిషి మన ఊరివాడైతే రేపటి నుంచి అతనికి పేరు పడుతుంది.

మాట ఏది వాడాలి?

“మానసిక రుగ్మతలపై అవగాహన పెంపొందించుకుందాం” అని రాస్తే అది ఆఫీసు గోడకు బాగుంటుంది. మన ఊళ్లో ఆ మాట ఎవరూ అనరు. మన ఊళ్లో “మనేద పెట్టుకున్నాడు” అంటారు. “దిగులు పడ్డాది”, “బెంగ”, “గుండె దడ”, “నిద్ర పట్టడం లేదు”, “తిండి సయించడం లేదు”, “మనిషి మనిషిలో లేడు”, “గాలి సోకింది” అంటారు. జబ్బు పేర్లు డాక్టరు చూసుకుంటాడు. పోస్టరు మీద ఉండాల్సింది గుర్తులు. చదివిన మనిషి “ఇది నా సంగతే” అనుకోవాలి.

ఒక్క మాట దగ్గర చాలా జాగ్రత్త. మన భాషలో “మందు” అంటే మాత్రా కావచ్చు, సారాయీ కావచ్చు, పురుగుమందూ కావచ్చు. “నీ బాధకు మందు ఉంది” అని ఎరువుల కొట్టు గోడ మీద రాస్తే ఏమర్థమవుతుందో ఆలోచించండి. పోస్టర్లలో ఎక్కడా వట్టి “మందు” అని రాయకూడదు. వైద్యం, మాత్ర, పురుగుమందు, సారాయి అని విడివిడిగా రాయాలి.

“ధైర్యంగా ఉండండి”, “ఆత్మహత్య పిరికితనం” అన్న మాటలు కూడా వద్దు. రెండేళ్లు వరసగా పంట పోయినా మూడో ఏడు నారు పోసినవాడికి ధైర్యం గురించి మనం చెప్పాల్సింది ఏముంది? జబ్బు పడిన మనిషికి అది నిందలా తగులుతుంది. విరిగిన కాలు ఉన్నవాడికి గట్టిగా నడువు అన్నట్టు ఉంటుంది. “ఇదొక మెదడు జబ్బు, అంతే” అని మాత్రమే చెప్పడం కూడా చాలదు. అలా చెబితే మనిషిని నిందించడం తగ్గుతుంది గానీ, ఇది ఇక పోదేమో, దూరంగా ఉందామన్న భయం పెరుగుతుందని పలు దేశాల్లో చేసిన పరిశీలనల్లో తేలింది. జబ్బు అన్న మాట పక్కనే తగ్గుతుంది అన్న మాట ఉండాలి. మళ్లీ పొలం పనిలో దిగిన మనిషి కనపడాలి.

పోస్టరు ఒక్కటే చాలుతుందా?

చాలదు. ఈ సంగతి మన రాష్ట్రంలోనే తేలింది. 2014 తర్వాతి సంవత్సరాల్లో పశ్చిమ గోదావరి జిల్లా పల్లెల్లో జార్జ్ ఇన్‌స్టిట్యూట్ అనే పరిశోధన సంస్థ ‘స్మార్ట్ మెంటల్ హెల్త్’ అనే కార్యక్రమం నడిపింది. పోస్టర్లు అంటించారు, కరపత్రాలు పంచారు. జబ్బు పడి కోలుకున్న మనిషి స్వయంగా మాట్లాడిన వీడియో చూపించారు. వీధి నాటకం వేశారు. ఆశా కార్యకర్తలు ట్యాబులు పట్టుకుని ఇంటింటికీ పోయి నిద్ర గురించి, దిగులు గురించి అడిగి, అవసరమైన వాళ్లను పీహెచ్‌సీ డాక్టరు దగ్గరకు పంపారు. తర్వాత ఊరివాళ్లను అడిగితే, ఎక్కువ మేలు చేసినవి కోలుకున్న మనిషి మాట, నాటకం అని చెప్పారు. ఊళ్లో వాళ్ల చూపు మారింది, డాక్టరు దగ్గరకు పోయేవాళ్లు పెరిగారు.

మహారాష్ట్ర విదర్భలో, పత్తి రైతుల చావులకు పేరుబడ్డ అమరావతి జిల్లాలో, 30 గ్రామాల్లో ‘విశ్రామ్’ అనే కార్యక్రమం జరిగింది. ఊరి ఆరోగ్య కార్యకర్తలు చిన్న చిన్న గుంపులుగా జనాన్ని కూర్చోబెట్టి మాట్లాడారు. కార్యక్రమానికి ముందు కుంగుబాటు ఉన్నవాళ్లలో ఏదో ఒక సాయం పొందినవాళ్లు 4.3 శాతం. తర్వాత 27.2 శాతం. చావు ఆలోచన వచ్చిందని చెప్పినవాళ్లు 5.2 శాతం నుంచి 2.5 శాతానికి తగ్గారు.

అంటే పోస్టరు పని మాట మొదలు పెట్టించడం. తర్వాతి మాట మనుషులు ఆడాలి. పోస్టరు అంటించిన ప్రతి ఊళ్లో ఆ వారంలోనే ఒక కూర్చోబాటు ఉండాలి. రచ్చబండ దగ్గర మగవాళ్లకు, పొదుపు సంఘాల సమావేశంలో ఆడవాళ్లకు.

నంబరు రాసే ముందు

పోస్టరులో అన్నిటికంటే ముఖ్యం కింద రాసే నంబరు. కేంద్ర ప్రభుత్వం 2022 అక్టోబరు 10న ‘టెలీ మానస్’ ప్రారంభించింది. నంబరు 14416. డబ్బు పడదు. తెలుగులో మాట్లాడతారు. అచ్చుకు ఇచ్చే ముందు సంఘం కార్యకర్తలు వేర్వేరు వేళల్లో, అర్ధరాత్రి కూడా, ఆ నంబరుకు ఫోను చేసి చూడాలి. ఎంతసేపటికి ఎత్తారు, ఏం అడిగారు, ఎక్కడికి పొమ్మన్నారో రాసుకోవాలి. ఎత్తని నంబరు గోడ మీద రాయడం, నీళ్లు రాని బోరింగు చూపించి తాగమనడం ఒకటే. అప్పటికే ఆశ తెగిన మనిషి రెండోసారి ప్రయత్నించడు.

నంబరు పక్కన చోటు ఉండాలి. తిరుపతి రుయా ఆస్పత్రిలో, నెల్లూరు ప్రభుత్వ సర్వజన ఆస్పత్రిలో మనోవైద్య విభాగాలు ఉన్నాయి. కానీ మన పల్లెల నుంచి ఎటు పోయినా ఒక రోజు కూలి పోతుంది, బస్సు ఛార్జీ అవుతుంది, తోడు మనిషి కావాలి. ఈ సమస్యకు పరిష్కారం మన పక్కనే ఎప్పుడో కనిపెట్టారు. 1980లలో బెంగళూరు నిమ్‌హాన్స్ వాళ్లు బళ్లారి జిల్లాలో పీహెచ్‌సీ డాక్టర్లకు, ఆరోగ్య కార్యకర్తలకు శిక్షణ ఇచ్చి, మామూలు జ్వరాలు చూసే చోటే మనసు జబ్బులకూ మాత్రలు ఇప్పించారు. ఆ బళ్లారి నమూనా మీదనే 1996లో జిల్లా మానసిక ఆరోగ్య కార్యక్రమం దేశంలో మొదలైంది. కనుక ఇది సాధ్యమా అని మనం అడగక్కర్లేదు. మన పీహెచ్‌సీలో ఏ రోజు చూస్తారు, మాత్రలు ఉన్నాయా అని అడగాలి. ప్రతి గ్రామ కమిటీ తమ పీహెచ్‌సీకి పోయి ఈ రెండూ కనుక్కుని, పోస్టరు కింద ఖాళీ గడిలో చేత్తో రాయాలి. జవాబు లేకపోతే అది మన వినతిపత్రంలోకి ఎక్కుతుంది.

చట్టం ఏం చెబుతోంది?

2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టంలో మన పోస్టరుకు పనికొచ్చే సంగతులు మూడు ఉన్నాయి. ఒకటి, 18వ సెక్షన్ ప్రకారం ప్రభుత్వం నడిపే లేదా డబ్బిచ్చే చోట మానసిక వైద్యం పొందడం ప్రతి ఒక్కరి హక్కు. రెండు, 115వ సెక్షన్ ప్రకారం ఆత్మహత్యకు ప్రయత్నించిన మనిషి తీవ్రమైన ఒత్తిడిలో ఉన్నట్టే భావించాలి, అందుకు శిక్ష వేయకూడదు. అతనికి వైద్యం, ఆసరా ఇవ్వాల్సిన బాధ్యత ప్రభుత్వానిది. కేసు అవుతుందన్న భయంతో ఆస్పత్రికి తీసుకుపోవడంలో ఆలస్యం చేసి ప్రాణం పోగొట్టుకోకూడదు. మూడు, మనసు జబ్బు ఉన్న మనిషిని గొలుసులతో కట్టేయడాన్ని 95వ సెక్షన్ నిషేధించింది.

ఈ మూడోదాని వెనక ఒక ఘోరం ఉంది. 2001 ఆగస్టు 6న తమిళనాడు రామనాథపురం జిల్లా ఏర్వాడిలో, మనసు జబ్బు ఉన్నవాళ్లను పెట్టిన పాకకు నిప్పంటుకుంది. గొలుసులతో కట్టేసి ఉండటంతో పారిపోలేక కాలిపోయారు. 28 మంది చనిపోయారు. గుడికో దర్గాకో పోయి మొక్కుకోవడాన్ని మన పోస్టరు వెక్కిరించదు. “మొక్కు మొక్కండి, వైద్యమూ చేయించండి, కట్టేయకండి” అంటుంది.

ఎరువుల కొట్టు దగ్గర

పొరుగున శ్రీలంకలో 1995 తర్వాత ఇరవై ఏళ్లలో ఆత్మహత్యల రేటు సుమారు 70 శాతం తగ్గింది. ప్రాణాంతకమైన పురుగుమందులను ఒక్కొక్కటిగా నిషేధించడం అందులో పెద్ద కారణం. ఆ దేశంలోనే 180 గ్రామాల్లో ఇళ్లకు తాళం వేసే పెట్టెలు పంచి చూశారు. పెట్టెల వల్ల మాత్రమే తేడా వచ్చినట్టు కనపడలేదు. దీన్నిబట్టి మనకు రెండు పనులు తేలుతున్నాయి. పిల్లలున్న ఇంట్లో తాళం మంచిదే, అది చెప్పాలి. కానీ బాధ్యతంతా రైతు ఇంటి తాళం మీద పెట్టి ఊరుకోకుండా, విరుగుడు లేని మందులు కొట్లోకి రాకుండా చేయమని ప్రభుత్వాన్ని అడగాలి.

మనం వేయబోయే నాలుగు పోస్టర్లు

ఒకే పోస్టరులో అన్నీ కుక్కితే ఎవరూ చదవరు. అందుకని నాలుగు. ఒక్కోటి ఒక్క మనిషితో మాట్లాడుతుంది. ముసాయిదా చదువుతున్నాం, తప్పులుంటే చెప్పండి.

మొదటిది, బాధలో ఉన్న మనిషికి. “రెండు వారాలుగా నిద్ర లేదా? తిండి సయించడం లేదా? పొలం దిక్కు పోబుద్ధి కావడం లేదా? ఇది సోమరితనం కాదు, జబ్బు కావచ్చు. వైద్యం ఉంది, తగ్గుతుంది. 14416.”

రెండోది, పక్కవాళ్లకు. “నాలుగు రోజులుగా అన్న బయటికి రాలేదా? పోయి పలకరించండి. నిద్ర పడుతోందా అన్నా అని అడగండి. చెప్పేది వినండి. ఒంటరిగా వదలకండి.” దీని మీద ఒక సందేహం వచ్చింది. చావు ఆలోచన ఉందా అని అడిగితే లేని ఆలోచన పుట్టించినట్టు కాదా అని. కాదు. అడగడం వల్ల ఆలోచన పుట్టదని, అడిగినందుకు మనిషి తేలికపడతాడని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది.

మూడోది, ఇంటివాళ్లకు. “తనలో తాను మాట్లాడుకుంటున్నాడా? ఎవరో తిడుతున్నట్టు వినపడుతోందంటున్నాడా? కొట్టకండి, కట్టేయకండి. చట్టం ఒప్పుకోదు. డాక్టరుకు చూపించండి. మాత్రలు వాళ్లు ఆపమన్నప్పుడే ఆపండి.” ఈ చివరి మాట అవసరం. కుంగుబాటు మాత్రలు పనిచేయడానికి రెండు నుంచి నాలుగు వారాలు పడుతుంది. పదో రోజుకు గుణం లేదని మానేసేవాళ్లు, రెండో నెలలో బాగైపోయిందని మానేసేవాళ్లు ఇద్దరూ నష్టపోతారు.

నాలుగోది, ఎరువుల కొట్లలో. “పురుగుమందు ఒంట్లోకి పోతే ఒక్క నిమిషం ఆగకండి. 108కి ఫోను చేయండి. వాంతి చేయించాలని ఉప్పు నీళ్లు, పేడ నీళ్లు తాగించకండి. డబ్బా వెంట తీసుకుపోండి, డాక్టరుకు పనికొస్తుంది. కేసు భయం వద్దు.”

అచ్చు, అంటింపు

అక్షరం పెద్దది కావాలి. పది అడుగుల దూరానికి అంగుళం ఎత్తు అక్షరం అన్న లెక్క గుర్తుంచుకోండి. తెలుగుకు పైన గుడి, కింద ఒత్తు ఉంటాయి, వరుసల మధ్య చోటు వదలకపోతే రెండూ కలిసిపోతాయి. వంకర్ల అక్షరాలు వద్దు. లేత రంగు కాగితం మీద నల్ల అక్షరం చాలు. నాయకుల ఫోటోలు వేయవద్దు, సంఘం పేరు చిన్నగా కింద ఉంటే చాలు. ఫోటోల పోస్టరు అనగానే ఎన్నికల పోస్టరు అనుకుని చూపు తిప్పుకుంటారు.

అచ్చు వేయకముందు ఒక్కో ముసాయిదాను పదిమందికి చూపించండి. వాళ్లలో చదువు రానివాళ్లు ఇద్దరు, ఆడవాళ్లు సగం, సంఘంలో లేనివాళ్లు కొందరు ఉండాలి. బాగుందా అని అడగకండి, బాగుందనే అంటారు. “ఇందులో ఏం చెప్పారు? మీరైతే ఇప్పుడు ఏం చేస్తారు?” అని అడగండి. ముగ్గురు తప్పు చెబితే మాట మార్చండి.

అంటించే చోటు కూడా ఆలోచించాలి. మొదటి పోస్టరు రచ్చబండ ఎదురుగా వేస్తే దాని ముందు ఎవడూ నిలబడడు. బస్టాండు మరుగుదొడ్ల గోడ, పీహెచ్‌సీ లోపలి గోడ, రైతు సేవా కేంద్రంలో సంతకం పెట్టే బల్ల పక్కన వేయండి. మనిషి నిలబడటానికి ఇంకో కారణం ఉన్న చోటు వెతకాలి. రెండోది రచ్చబండ దగ్గర, టీ కొట్టు దగ్గర, పాల కేంద్రం దగ్గర. ఎవరైనా చనిపోయిన ఇంటి గోడ మీద, ఆ వీధిలో ఎట్టి పరిస్థితిలోనూ వేయవద్దు.

మిత్రులారా, గోడ మీద మనం రాసిన ప్రతి మాటకు వెనక మనం నిలబడాలి. పీహెచ్‌సీలో వారానికి ఒక రోజైనా మనసు జబ్బులు చూడాలి, మాత్రలు తెగకుండా ఉండాలి. ఆశా కార్యకర్తలకు శిక్షణ ఇవ్వాలి, ఆ పనికి వేతనం కలపాలి. సాగు చేసే ప్రతి కౌలు రైతుకు 2019 పంట సాగుదారుల హక్కుల చట్టం కింద కార్డు ఇవ్వాలి. వైద్యం చేయించుకున్నాడన్న కారణంతో ఏ రైతు కుటుంబానికీ పరిహారం ఆపకూడదు. ఈ డిమాండ్లతో వినతిపత్రం అక్టోబరు 10నే ఇస్తాం. ఒక చేత్తో పోస్టరు, ఇంకో చేత్తో వినతిపత్రం.

ప్రతి గ్రామ కమిటీ ఈ నెలాఖరుకల్లా తమ పీహెచ్‌సీ వివరాలు, ముసాయిదా చూపించిన పదిమంది చెప్పిన మాటలు రాసి సంఘం ఆఫీసుకు పంపాలి. అవి వచ్చాకే అచ్చుకు ఇస్తాం. సెలవు.